వెన్నుకు కరెంటు పెడితే మెదడులో ఏం జరుగుతుంది?

ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కి, పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడను "నడుం ఎట్టా ఉంది పెద్దమ్మా?" అని పలకరించి చూడండి. నొప్పికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో దిగేలోపు తెలిసిపోతుంది. పీకుడు, సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి, తొడ వెనక నుంచి కాలి వేలి దాకా జివ్వున లాగడం. అన్నీ చెప్పి ఆఖర్న ఒక మాటంటుంది: "నొప్పికేముంది నాయనా, అలవాటైపోయింది. బాధే పడలేకుండా ఉండా."

నొప్పి వేరు, బాధ వేరు అన్న ఈ తేడా ఆవిడకు ఎవరూ నేర్పలేదు. మెదడును చదివేవాళ్లు మాత్రం అరవై ఏళ్లుగా ఎన్నో యంత్రాలతో వెతికి, మళ్లీ మళ్లీ అక్కడికే వస్తున్నారు. వెన్నుపాము పక్కన సన్నటి తీగ పెట్టి, దానిలోంచి కరెంటు పంపి, ఏళ్ల తరబడి వదలని నొప్పిని తగ్గించే చికిత్స ఒకటుంది. దాన్ని స్పైనల్ కార్డ్ స్టిమ్యులేషన్ అంటారు. ఆ కరెంటు వెన్నులో పెడితే మెదడులో ఏం మారుతుందన్నది ఈ వ్యాసంలో ప్రశ్న. ఇప్పటిదాకా తేలింది ఒక్క ముక్కలో చెప్పాలంటే, కరెంటు నొప్పి కబురును దారిలో ఆపడంతో పాటు, ఆ కబురును మెదడు పట్టించుకునే తీరును కూడా మారుస్తున్నట్టుంది. 'మారుస్తోంది' అని ఖాయంగా రాయకపోవడానికి కారణాలున్నాయి. అసలు కథ ఆ కారణాల్లోనే ఉంది.

మన ఊళ్లలో 'కరెంటు పెట్టించుకోవడం' కొత్తేమీ కాదు. ఫిజియోథెరపీ గదిలో నడుం మీద రబ్బరు ప్యాడ్లు అంటించుకుని పావుగంట బోర్లా పడుకుంటే చీమలు పాకినట్టు ఉంటుంది చూడండి, దాని పేరు టెన్స్. వెన్నుపాము పరికరానికి అది చెల్లెలు. రెండూ 1965లో పుట్టిన ఒకే ఆలోచన నుంచి వచ్చాయి. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు ఆ ఏడు 'సైన్స్' పత్రికలో ఒక సిద్ధాంతం ప్రకటించారు. నొప్పి కబురు సన్నటి నరాల మీద, తాకిడి కబురు లావుపాటి నరాల మీద వెన్నుపాముకు చేరతాయి. అక్కడ తలుపు లాంటి ఏర్పాటు ఒకటుంది. లావు నరాలు గట్టిగా పలికితే తలుపు మూసుకుంటుంది, నొప్పి కబురు పైకి పోవడం తగ్గుతుంది. మోకాలు గుద్దుకున్నప్పుడు మనం గబగబా రుద్దుకునేది అందుకేనన్నమాట.

రెండేళ్లు తిరక్కుండానే, 1967లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో నార్మన్ షీలీ అనే న్యూరోసర్జన్ ఆ తలుపును కరెంటుతో మూయాలని చూశాడు. థామస్ మోర్టిమర్ అనే ఇంజినీరింగ్ విద్యార్థి పరికరం తయారు చేశాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో నరకం పడుతున్న ఒక వృద్ధుడి వెన్నులో దాన్ని అమర్చారు. నొప్పి తగ్గింది. ఆ తర్వాత ఎవరికి ఆపరేషన్ పనికొస్తుందో ముందుగా తెలుసుకోవడానికి చర్మం మీద ప్యాడ్లు పెట్టి చూసేవారు. కొందరికి ఆ ప్యాడ్లే చాలనిపించింది. మన ఫిజియోథెరపీ కరెంటు అలా ఊపందుకుంది. (ఇంకా వెనక్కి పోతే రోమన్ల కాలంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు కీళ్లవాతానికి కరెంటు చేప మీద కాళ్లు పెట్టి నిలబడమన్నాడు. ఆ చేప ఖరీదు మాత్రం ఇప్పటి పరికరంలా లక్షల్లో ఉండి ఉండదు.)

ఇప్పటి పరికరం గురించి ఎక్కువ చెప్పను. వెన్నుపాము పొరకు బయట, ఎముకకు లోపల ఉండే సందులోకి సూది గుండా తీగలు దూరుస్తారు. పిరుదు దగ్గరో కడుపు పక్కనో చర్మం కింద బ్యాటరీ పెడతారు. రోగి చేతిలో రిమోట్ ఉంటుంది. ముందు సుమారు ఒక వారం తాత్కాలికంగా తీగ పెట్టి చూస్తారు. నొప్పి సగానికి సగం తగ్గితేనే పర్మినెంటు. మన దేశంలో ఖర్చు లక్షల్లో ఉంటుంది. నడుం ఆపరేషన్ చేయించుకున్నా కాలు లాగడం తగ్గనివాళ్లకు, దెబ్బ తర్వాత చెయ్యో కాలో మండిపోతూ వాచిపోయే ఒక రకం జబ్బుకు, షుగరు వల్ల పాదాల్లో వచ్చే మంటలకు ఎక్కువగా వాడుతున్నారు.

తలుపు సిద్ధాంతం చెప్పినంత తేలిగ్గా సంగతి తేలలేదు. తలుపు మూసుకుంటే అన్ని నొప్పులూ తగ్గాలి కదా. కానీ ఈ పరికరం అప్పుడే తగిలిన దెబ్బ నొప్పిని పెద్దగా ఆపదు, నరం చెడి వచ్చిన మొండి నొప్పి మీదే బాగా పనిచేస్తుంది. పైగా స్విచ్ ఆపాక కూడా మేలు కొంతసేపు, ఒక్కోసారి గంటల తరబడి మిగులుతుంది. తలుపే అయితే చెయ్యి తీయగానే తెరుచుకోవాలి. స్వీడన్‌లో బెంట్ లిండెరోత్, బ్యోర్న్ మేయర్సన్ ఎలుకల మీద ఏళ్ల తరబడి పనిచేసి, కరెంటు పెట్టినప్పుడు వెన్నుపాములో గాబా అనే శాంతపరిచే రసాయనం పెరుగుతుందని చూపించారు. కొంత చిక్కు వీడింది గానీ అంతా వీడలేదు.

ఎందుకంటే, తీగ పెట్టే చోట వెన్నుపాము వెనక భాగంలో ఉండే నరాల కట్ట తిన్నగా మెదడుకే పోతుంది. అక్కడ రేగిన కరెంటు కిందికి పోయినట్టే పైకీ పోతుంది. మెదడు కాండానికి చేరి, అక్కడి నుంచి మెదడు మధ్యలోని థాలమస్‌కి, ఆపైన పై పొరలకి ఎక్కుతుంది. మెదడు కాండం నుంచి వెన్నుపాముకు కిందికి దిగే నరాలు కూడా ఉన్నాయి. అవి సెరొటోనిన్, నారడ్రినలిన్ వదిలి నొప్పిని అణుస్తాయి. ఎలుకల్లో కరెంటుతో వేటికి మేలు జరిగిందో వాటి వెన్నుపాములోనే సెరొటోనిన్ పెరిగింది, మేలు జరగనివాటిలో పెరగలేదు. అంటే కరెంటు కింద పెడుతున్నా, పని కొంత పైనుంచి తిరిగి వస్తోందన్నమాట. ఆత్మకూరు తాలూకా ఆఫీసులో ఇచ్చిన అర్జీ నెల్లూరు కలెక్టరేట్ దాకా పోయి, అక్కడి నుంచి వచ్చిన ఆర్డరుతో పని జరిగినట్టు.

మొండి నొప్పి మెదడును ఎలా మారుస్తుందో తెలియకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. 2004లో వాణియా ఆప్కారియన్ బృందం, ఏళ్ల తరబడి నడుం నొప్పి ఉన్న 26 మంది మెదళ్లను నొప్పి లేనివాళ్ల మెదళ్లతో పోల్చింది. నొప్పి ఉన్నవాళ్లలో మెదడు పై పొరలోని బూడిద పదార్థం 5 నుంచి 11 శాతం తక్కువగా ఉంది. వయసు మీద పడితే పది ఇరవై ఏళ్లలో తగ్గేంత అది. నుదుటి వెనక భాగంలో, థాలమస్‌లో తేడా బాగా కనిపించింది. ఇది చదివి భయపడనక్కర్లేదు. 2011లో కెనడాలో డేవిడ్ సెమినోవిచ్ బృందం నడుం నొప్పికి చికిత్స చేసి ఆరు నెలల తర్వాత చూస్తే, నుదుటి వెనక పొర మళ్లీ మందమెక్కింది. మెదడు పోగొట్టుకున్నది కొంతైనా తిరిగి తెచ్చుకుంటుంది.

ఇక నొప్పీ బాధా. నొప్పి కబురు మెదడులో రెండు దారులు పడుతుందని చాలామంది పరిశోధకులు ఒప్పుకుంటారు. ఒక దారి థాలమస్ పక్క భాగం గుండా తాకిడిని గుర్తించే పొరకు పోయి 'ఎక్కడ, ఎంత' అని లెక్క చెబుతుంది. రెండోది లోపలి భాగం గుండా సింగ్యులేట్, ఇన్సులా అనే చోట్లకు పోయి 'అయ్యో, ఎంత కష్టం' అనిపిస్తుంది. మొదటిది నొప్పి, రెండోది బాధ. 1997లో మాంట్రియల్‌లో పియర్ రెన్విల్ బృందం కొందరి చెయ్యి బాగా వేడి నీళ్లలో పెట్టించి, హిప్నాటిజంతో 'ఇది మీకు పెద్ద ఇబ్బందిగా లేదు' అని చెప్పి చూసింది. నీళ్ల వేడి మారలేదు. తాకిడిని లెక్కపెట్టే పొర అంతగా మారలేదు. సింగ్యులేట్ మాత్రం ఇబ్బంది పెరిగితే చురుకెక్కింది, తగ్గితే తగ్గింది. అంతకు ముందు 1960లలోనే, తట్టుకోలేని నొప్పికి సింగ్యులేట్‌ను కాల్చిన ఆపరేషన్ల తర్వాత కొందరు రోగులు 'నొప్పి ఉంది, కానీ పట్టించుకోవాలనిపించడం లేదు' అన్నారని శస్త్రవైద్యులు రాసిపెట్టారు. మన బస్సులో పెద్దావిడ చెప్పిన మాటే ఇది, తిరగేసి.

మరి వెన్నులో కరెంటు వీటిలో దేన్ని కదిలిస్తుంది? ఇక్కడ పరిశోధనలు చిన్నవి, ఒకదానితో ఒకటి పొసగనివి. 2010లో జపాన్‌లోని ఒసాకాలో హరుహికో కిషిమా బృందం తొమ్మిది మందికి పెట్ స్కాన్ తీసింది. కరెంటు పెట్టాక కుడి థాలమస్‌లో, సింగ్యులేట్‌లో, నుదుటి వెనక భాగంలో రక్త ప్రవాహం పెరిగింది. 2012లో బెల్జియంలో మార్టెన్ మూన్స్ బృందం ఎంఆర్ఐతో చూస్తే థాలమస్ లోపలి భాగం చురుకు తగ్గింది. ఒకరికి పెరిగింది, ఒకరికి తగ్గింది. రెండూ నిజమే కావచ్చు. థాలమస్ చిన్న ఊరు కాదు, వీధికో వృత్తి. తీసిన సమయమూ వేరు, యంత్రమూ వేరు. 2016లో అమెరికాలో మిలింద్ దేవగాంవ్కర్ బృందం పది మందిలో, ఊరికే పడుకుని ఉన్నప్పుడు మెదడు భాగాల మధ్య సంభాషణ ఎలా ఉందో చూసింది. కరెంటు ఉన్నప్పుడు తాకిడి పొరకూ, భావోద్వేగాలకు సంబంధించిన లింబిక్ భాగాలకూ మధ్య మాటామంతీ తగ్గింది. నొప్పిని బాధగా మార్చే వంతెన సన్నబడిందని చదువుకోవచ్చు. అలా చదవడం నాకూ ఇష్టమే. కానీ పది మంది.

ఇలాంటి ప్రయోగాలు చిన్నవిగా ఉండటానికి కారణం పరిశోధకుల బద్ధకం కాదు. ఒంట్లో తీగ, బ్యాటరీ ఉన్న మనిషిని ఎంఆర్ఐలో పెడితే తీగ వేడెక్కే ప్రమాదముంది. ఒంట్లో ఏ భాగానికైనా ఎంఆర్ఐ తీయడానికి వీలైన పరికరాలు 2013 ప్రాంతంలో గానీ రాలేదు. మెదడులోని విద్యుత్తును రాసే ఈఈజీ తీద్దామంటే పరికరం కరెంటే రికార్డులో కలిసిపోతుంది. పైగా పాత పద్ధతి కరెంటు సెకనుకు 40, 60 సార్లు కొట్టేది, నొప్పి ఉన్న చోట తిమ్మిరి తెప్పిస్తుంది. మెదడులో కనిపించిన మార్పు నొప్పి తగ్గడం వల్లా, తిమ్మిరి తెలియడం వల్లా? వేరు చేయడం కష్టం.

బెల్జియం వైద్యుడు డిర్క్ డి రిడ్డర్ 2010లో తెచ్చిన 'బర్స్ట్' పద్ధతికి అందుకే అంత పేరొచ్చింది. పాత కరెంటు సుత్తి దెబ్బలా ఒకే తీరున పడుతుంది. బర్స్ట్ డప్పు దరువులా గుంపుగా పడుతుంది, సెకనుకు 500 చొప్పున వేగంతో అయిదు దెబ్బలు, ఆ గుంపు సెకనుకు 40 సార్లు. మెదడు కణాలు కొన్ని ఇలాగే గుంపులుగా పలుకుతాయని, బాధ దారి ఈ భాషను బాగా వింటుందని ఆయన వాదం. తిమ్మిరి దాదాపు తెలియదు. 2013లో ఆయన బృందం పదిహేను మంది రోగులతో చేసిన ప్రయోగంలో, ఈఈజీ తీసిన కొందరిలో, పాత పద్ధతి కంటే బర్స్ట్ సింగ్యులేట్‌నూ నుదుటి వెనక భాగాన్నీ ఎక్కువగా కదిలించింది. బాధ మీదే నేరుగా పనిచేసే కరెంటు! కంపెనీలకు ఇంతకన్నా మంచి మాట ఏం కావాలి. 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. సెకనుకు పదివేల దెబ్బలు వేసే ఇంకో పద్ధతికి అంతకు ముందే, 2015లో వచ్చింది. దానికీ తిమ్మిరి లేదు.

తిమ్మిరి లేకపోవడంలో ఒక సదుపాయం ఉంది. కరెంటు నిజంగా వస్తోందో లేదో రోగికి తెలియదు. కాబట్టి ఉత్తుత్తి కరెంటుతో పోల్చి చూడొచ్చు. నార్వేలోని త్రోన్‌హైమ్‌లో సోజాబురో హారా బృందం సరిగ్గా అదే చేసి 2022లో 'జామా' పత్రికలో ప్రకటించింది. నడుం ఆపరేషన్ తర్వాత కాలు లాగడం తగ్గని 50 మందికి పరికరం అమర్చారు. ఒక్కొక్కరికి మూడేసి నెలల చొప్పున రెండుసార్లు నిజమైన బర్స్ట్, రెండుసార్లు ఉత్తుత్తి, వరస రోగులకు తెలియకుండా. రోజువారీ పనులకు నొప్పి ఎంత అడ్డుపడుతోందో కొలిచే స్కోరు మొదట్లో 45 దగ్గర ఉంది. నిజమైన కరెంటుతో 10.6 తగ్గింది. ఉత్తుత్తి కరెంటుతో 9.3 తగ్గింది. తేడా లెక్కలోకి రానంత చిన్నది.

ఆ ఫలితం చాలామందికి మింగుడు పడలేదు. హారా బృందం వాడిన బర్స్ట్ డి రిడ్డర్ బర్స్ట్ కాదని, కరెంటు మోతాదు సరిగా లేదని అభ్యంతరాలొచ్చాయి. వాటిలో కొంత పస ఉంది. కానీ మరుసటి ఏడు, 2023లో, నడుం నొప్పికి ఈ పరికరం మీద జరిగిన 13 ప్రయోగాలను, 699 మంది రోగులను కలిపి చూసిన కొక్రేన్ సంస్థ సమీక్ష కూడా ఏడాది దాటాక మేలు నిలుస్తుందనడానికి ఉత్తుత్తి కరెంటుతో పోల్చిన ఆధారం లేదని చెప్పింది. ఇన్ఫెక్షన్, తీగ జారిపోవడం, మళ్లీ ఆపరేషన్ వంటి తిప్పలు మాత్రం ఉన్నాయి.

అవతలి పక్షం ఖాళీ చేతులతో లేదు. కెనడాలో స్థిరపడ్డ కృష్ణ కుమార్ 2007లో నడిపిన ప్రయోగంలో, ఆపరేషన్ తర్వాత కాలు నొప్పి తగ్గని వంద మందిలో, ఆరు నెలలకు నొప్పి సగం తగ్గినవాళ్లు కరెంటు పక్షాన 48 శాతం, మందుల పక్షాన 9 శాతం. 2021లో షుగరు పాదాల మంట మీద 216 మందితో జరిగిన ప్రయోగంలో తేడా ఇంకా పెద్దది. వెన్నుపాము స్పందనను క్షణక్షణం కొలుచుకుంటూ మోతాదును తనంతట తానే సర్దుకునే పరికరం 2020 ప్రయోగంలో, ఏడాది తర్వాత 83 శాతం మందికి పనిచేసింది, సర్దుకోనిది 61 శాతం మందికి. ఈ మూడింటిలో ఒక లోపం ఉంది. మొదటి రెండింట్లో ఉత్తుత్తి కరెంటు లేదు, మూడోదాంట్లో రెండు వైపులా కరెంటే.

ఉత్తుత్తిదంటే అబద్ధమని కాదు. 1978లో జాన్ లెవిన్ బృందం, పన్ను పీకించుకున్నవాళ్లలో ఉత్తుత్తి మందు ఇచ్చిన ఉపశమనాన్ని నలోక్సోన్ అనే మందుతో ఆపేయవచ్చని చూపింది. అంటే నమ్మకం వల్ల మెదడు తన సొంత మార్ఫిన్ లాంటి పదార్థాన్ని వదులుతోంది. ఆ నమ్మకం కదిలించే చోట్లలో సింగ్యులేట్, నుదుటి వెనక భాగం ముందుంటాయి. బర్స్ట్ కదిలించిన చోట్లు కూడా అవే కదా! కాబట్టి కరెంటు పెట్టాక ఆ భాగాలు వెలిగాయని చూపించినంత మాత్రాన, వెలిగించింది కరెంటా, ఆశా, తగ్గిన నొప్పా అన్నది తేలదు. నా తీర్పు ఇదే: కరెంటు పెట్టాక మెదడు మారుతుంది, అనుమానం లేదు. ఆ మార్పే నొప్పి తగ్గడానికి కారణమన్నది ఇంకా రుజువు కావాలి. మెదడు రంగుల బొమ్మ చూపించి పరికరం అమ్మేవాళ్లు మధ్యలో ఒక మెట్టు ఎగరేస్తున్నారు.

ఇంతా చదివి, మన నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ఎవరికైనా పెట్టించుకుందామా అనుకునేవాళ్లకు ఒక మాట. ఇక్కడ నడుం నొప్పులు అన్నీ ఒక జాతివి కావు. ఉదయగిరిలో పగలంతా నేల మీద కూర్చుని నర్ది కర్రను చెక్కి గరిటెలు, చెంచాలు చేసే పనివాళ్ల నడుం నొప్పి ఒకటి. నెల్లూరులోనో తిరుపతిలోనో డిస్కు ఆపరేషన్ అయ్యాక కూడా కాలు లాగుతున్నవాళ్ల నొప్పి ఇంకొకటి. పరికరం గురించి ఆలోచించదగ్గది రెండోది.

మూడోది ఈ ప్రాంతానికి పాతది, ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట వైద్య పత్రికలకు ఎక్కించింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెన్రీ షార్ట్, ఆయన సహచరుడు సి.జి. పండిట్ తదితరులు నెల్లూరు జిల్లా పల్లెల్లో వంగలేని, తల తిప్పలేని మనుషులను చూసి రాశారు. అప్పట్లో ఉదయగిరికి ఉత్తరాన ఉన్న కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరువే, 1970లో ఒంగోలు జిల్లాలోకి పోయాయి. ఫ్లోరైడు ఎక్కువైన నీళ్లు ఏళ్లపాటు తాగితే వెన్నెముక స్నాయువులు ఎముకలా గట్టిపడి, వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకై నరాలు నలిగిపోతాయి. ఈ నొప్పి ఎముక పిసకడం వల్ల వచ్చింది. దీనికి వెన్నులో కరెంటు మందు కాదు. పైగా తీగ దూర్చడానికే ఆ ఇరుకు గొట్టంలో చోటుండదు. కాళ్లు బలహీనపడుతుంటే ఇరుకు తీసే ఆపరేషన్ గురించి న్యూరోసర్జన్‌తో మాట్లాడాలి, ఆలస్యం చేయకూడదు.

ఇంట్లో చూసుకోదగ్గ పరీక్షలు మూడున్నాయి. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయగలరా? గడ్డం రొమ్ముకు తాకించగలరా? రెండు చేతులూ తల వెనక పెట్టగలరా? వరికుంటపాడు, ఉదయగిరి వైపు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇవి చేయలేకపోతుంటే, లక్షల పరికరం మాట తర్వాత. ముందు మీరు తాగే బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపండి. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు నీళ్లు తాగడం మానేయండి.